కుడివైపు కుట్టు

సిరిమాను తిరిగిన వారానికే తుపాను.
కస్పా వీధిలో రేకులు గాలిపటాలయ్యాయి,
కరెంటు స్తంభాలు మోకాళ్ళ మీద కూలబడ్డాయి.
పదకొండో రోజున, ఇంకా దీపం వెలగకముందే
సఫూరా టీచరమ్మ రిక్షాలో వచ్చింది,
కాళ్ళ దగ్గర రెండు బియ్యం సంచులు.
బియ్యం కాదు.

"అసిరయ్యా, మా నాన్న పుస్తకాలు.
పైకప్పు ఎగిరిపోయింది, ఇవి నానిపోయాయి.
కింద మాత్రం పెట్టకు."

నేను లెక్కల పుస్తకాలు కుట్టేవాణ్ణి,
మున్సిపాలిటీ జనన మరణాల రిజిస్టర్లు కుట్టేవాణ్ణి.
ఈ అక్షరాలు నాకేటి తెలుసు?
బెల్లం దారి తప్పిన చీమలు
వెనక్కి తిరిగి నడుస్తున్నట్టున్నాయి.
నులక మంచం వాల్చి
మా ఆవిడ ఉతికిన చీర పరిచి పెట్టాను.
ఏ దేవుడి కాగితానికైనా కాలు తగలకూడదని
మా అమ్మ చెప్పింది. నా చదువు అంతే.

ఆవిడ స్టూలు మీద కూచుని ఒక్కోదాని గురించీ చెప్పేది,
రోగి తాలూకు మనిషి డాక్టరుకి చెప్పినట్టు.
ఇది గుర్రాలు దింపి
నూలుబట్టలు ఎక్కించుకుపోయిన ఓడల చరిత్ర.
ఇది ఒక మౌల్వీ, ఒక పాదిరీ
దేవుడు ఎలాంటివాడని ఏడాది పాటు
ఉత్తరాల్లో దెబ్బలాడుకున్నది.
ఆఖరి ఉత్తరంలో మౌల్వీ
"జ్వరం తగ్గిందా" అని అడిగాడంట.
ఇది ఉపనిషత్తుల్ని పారసీలోకి దింపిన
రాకుమారుడి కథ.
"తర్వాత బాగా బతికాడా?" అన్నాను.
"తమ్ముడు తల తీయించాడు."
దబ్బనం నా వేల్లో దిగింది.

ఒక మధ్యాహ్నం అడిగింది,
ఈ తుపాను పేరేటో తెలుసా అని.
హుద్‌హుద్. నెత్తిన కుచ్చున్న పిట్ట.
సులేమాను రాజు పిట్టలన్నిటికీ హాజరు వేస్తే
అదొక్కటే లేదంట. రాజుకి కోపమొచ్చిందంట.
తీరిగ్గా వచ్చి వాలి
ఆయనకి తెలీని దేశం ఒకటుందని
కబురు చెప్పిందంట.
మా పెరట్లో ఏడు కొబ్బరిచెట్లు కూల్చి
నాకు మోసుకొచ్చిన కబురు
ఈ రెండు సంచులా?

జిగురులో మైలుతుత్తం ఒక చిటికె ఎక్కువేశాను,
పురుగు చేరకుండా.
పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు పెట్టి ఆరబెట్టాను.
ఆ పేపర్లో ఎక్కడిదో ఊరి గొడవ,
రాళ్ళు, మూసేసిన కొట్లు, కర్ఫ్యూ.
తడి కాగితం మీద ఆ వార్త
తిరగబడి అచ్చు దిగింది.
సున్నప్పొడి అద్దాను, రొట్టెముక్కతో రుద్దాను.
పోలేదు.
టీచరమ్మకి చెప్పలేదు.

సైకిలు దిగి అప్పలకొండ తొంగిచూశాడు.
"ఏటి అసిరయ్యా, సాయిబుల పుస్తకాలు కుడతన్నావేటి?"
"తడిసినవి కుడతన్నాను," అన్నాను.

పధ్నాలుగూ అయ్యాయి. ఎర్ర కాలికో, మధ్యలో గీత.
మడత మిగిలినవాటికి మడతే దారి చూపింది.
మడత విడిపోయిన మూడింటికీ
నా చేతి అలవాటు కొద్దీ
ఎడమవైపు కుట్టు వేసేశాను.
ఆవిడ ఒకటి తెరవబోయి ఆగింది,
తాళం వేసిన తలుపు తట్టినట్టు.
"మాది కుడివైపు కదయ్యా కుట్టు."

విప్పి మళ్ళీ కుడతానమ్మా, డబ్బులొద్దు అన్నాను.
రెండు విప్పనిచ్చింది.
మూడోది, ఆ ఉత్తరాల దెబ్బలాట,
సంచిలో వేసేసుకుంది.
"ఇది ఇలాగే ఉండనీ.
ఎటునుంచి మొదలెట్టాలో తేలకే కదా
ఆ ఇద్దరూ ఏడాది తగువాడింది."

మరక కూడా చూసింది. బొటనవేలితో ఒకసారి తుడిచింది.
నా వైపు చూడలేదు.
రిక్షా గంటస్తంభం వైపు తిరిగిపోయింది.

మర్నాడు మున్సిపాలిటీ నుంచి
కొత్త రిజిస్టరు పని వచ్చింది,
పుట్టినవాళ్ళు ఇటు, పోయినవాళ్ళు అటు.
ముప్పై ఏళ్ళుగా కుడుతున్నదే.
సూదిలో దారం ఎక్కించి
మడత ఎటుందో
వేలితో తడిమి చూశాను.