తొలి నలభై

త్రియెస్తె ఎగువన, సున్నపురాతి గుట్టల మీద
రాత్రి రెండున్నరకి బోరా గాలి
అప్పులవాడిలా తలుపు బాదుతోంది.
లోపల నైలాన్ ఉచ్చులో ఒక స్ఫటికం.
ఉప్పురవ్వలో అయిదో వంతు ఉండదు,
మొలవడానికి మాత్రం పదకొండు నెలలు పట్టింది.
దాని మీద నైట్రోజన్ చలి సన్నగా కురుస్తూనే ఉంది.
ఆ చలికి గాయం ఆలస్యమవుతుంది.
ఆగదు.

యెర్నెయ్ కళ్ళు చింతనిప్పులు.
మూడు రాత్రుల జాగారం.
"ఒందీనా, ఇటు చూడు, విడిపోయింది!"
రెండు గంధకాల నడుమ
ఉండాల్సిన ముడి లేదు.
వాకిలి తెరుచుకున్న ప్రొటీను,
ఇంతవరకు ఎవరి కంటా పడనిది.
వ్యాసానికి పేరు కూడా అనుకున్నాడట.

ఇరవై ఆరేళ్ళుగా ఈ కిరణం పక్కనే కాపురం ఆవిడది.
బిస్కెట్టు సగం కొరికి అడిగింది:
"ఎన్ని చిత్రాలు?"
"మూడువందల అరవై. డిగ్రీకొకటి."
"తొలి నలభైతో పటం వెయ్యి.
ఘనంలా అన్ని వైపులా ఒకేలా ఉన్న స్ఫటికం,
కథ చాలావరకు అందులోనే ఉంటుంది."

వేశాడు.
మసకమసకగా, అక్కడక్కడ చిరిగి,
అయినా ముడి ఉంది.
శుభ్రంగా ఉంది.

నరుడి కంటికి నల్లరాయి పగులుతుందన్న మాట
ఒందీనా విని ఉండదు.
ఇస్త్రియా నుంచి వచ్చిన వాళ్ళమ్మమ్మ
పళ్ళెంలో నీళ్ళు పోసి
ఆలివ్ నూనె చుక్క వదిలేదట.
చెదిరితే చూపు తగిలినట్టు.

"ముందు తెగేవి గంధకాలే," అంది,
"తర్వాత కొసల్లోని ఆమ్లాలు రాలతాయి.
అంచు చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతాయి,
గూడు మొత్తం ఒక పిసరు ఉబ్బుతుంది.
నువ్వు చూసింది తెరిచిన వాకిలి కాదు నాయనా,
మన వెలుతురు విరగ్గొట్టిన గడియ."

యెర్నెయ్ చాలాసేపు మాట్లాడలేదు.
కెమెరాలో స్ఫటికం నడుమ
టీ మరకంత పసుపు,
కిరణం నిలబడిన చోటు.
ఇంకా రెండే ఉన్నాయి, డ్యూయర్ అడుగున, పొగల్లో.

"ఇరవయ్యో వంతుకి తగ్గించు.
తిప్పుతూ తిప్పుతూ పక్కకి జరుపు,
ఏ చోటా ఎక్కువసేపు నిలవొద్దు.
ఎండిపోయిన బావిలో చేద వేసినట్టు
చివరిదాకా తోడకు.
మొదట దొరికిందే నిజం, తక్కినది మన బురద."

తగ్గించాడు.
'తెరిచిన వాకిలి' అన్న ఫైలుని చెరిపెయ్యబోయి
ఆగి, పేరు మార్చాడు:
'మేము చేసినది'.

రెండో స్ఫటికం తిరగడం మొదలైంది.
గాలి ఇంకా కొడుతూనే ఉంది.
ఒందీనా తెర వైపు తిరగకుండా
మిగిలిన సగం బిస్కెట్టు
నెమ్మదిగా నమిలింది.