అడ్డవిల్లు

మల్కాపురంలో మా పెరడు
మూడు మంచాలు వేస్తే నిండిపోతుంది.
ఒక మూల నీళ్ల డ్రమ్ము, ఒక మూల మునగచెట్టు.
గోడ మీదుగా రిఫైనరీ మంట
పట్టపగలు కూడా తొంగి చూస్తుంటుంది.

అక్కడే మొదలుపెట్టాం
నేనూ, మా అక్క కూతురు నూకరత్నమూ.

దానికి పదిహేనేళ్లు.
మేడమెట్ల మీద జారి మోచెయ్యి విరిగింది.
కేజీహెచ్‌లో తీగలు వేసి, తీగలు తీసి
చెయ్యైతే ఇచ్చారు గాని
అది పూర్తిగా చాపుకోదు.
ఎప్పుడూ ఎవరికో చెంబు అందిస్తున్నట్టు
కొంచెం వంగే ఉంటుంది.

బళ్లో ఒకరోజు విల్లు పట్టించారట.
నారి చెంపదాకా రాలేదు.
బాణం కాళ్ల ముందే పడింది.
నవ్వినోళ్ల పేర్లు చెప్పలేదు.
వారం పోయాక అన్నం కలుపుతూ అడిగింది:
"మావయ్యా, లాగి పట్టుకునే పని
చెక్కకి అప్పజెప్పేస్తే?"

షిప్‌యార్డులో ఫిట్టర్ని నేను.
ఇరవై ఆరేళ్లు ఒకరిచ్చిన కొలతలకే ఇనుము కోశాను.
ఇలాంటి కొలత ఎవరూ ఇవ్వలేదు.

దిమ్మెకి పోర్టులో దిగిన పెట్టె చెక్క దొరికింది.
ఏ దేశపు చెట్టో,
చిత్రిక పడితే మిరియాల వాసన.
దాని మీద ఎర్రసిరాతో గొడుగు బొమ్మ,
తడవనివ్వకండి అని.
ఆ గొడుగు మీద మాత్రం చిత్రిక పట్టనివ్వలేదు రత్నం.

కంచరపాలెం అడితిలో ఎదురుబద్దలు కొన్నాం.
మొదటిది వంచుతుంటే టప్పుమంది.
రెండోది వంగింది గాని మళ్లీ లేవలేదు.
మా యూనియన్ లీడరు లాగ, అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
మూడోదాన్ని నానబెట్టి, ఆరబెట్టి, తిట్టి,
దానికి ఇంకో బద్ద జోడించి పురికొస చుట్టాక
మాట వింది.

నారి, జెట్టీలో వలలు అల్లే ఎర్రయ్య పేనిచ్చాడు.
డబ్బులు వద్దన్నాడు.
"సేప పడితే తలకాయ నాది."

గడియదే కష్టం.
పాత తలుపు గొళ్లాన్ని మూడు రాత్రులు ఆకురాయితో అరగదీశాను.
నారిని పట్టుకోవాలి,
అడిగిన క్షణాన వదిలెయ్యాలి,
రెండు పనులూ ఒకే ఇనప ముక్క చెయ్యాలి.
పట్టుకోవడం తొందరగానే నేర్చుకుంది.
వదలడం దగ్గరే మొరాయించింది.

దీనికి తెలుగులో పేరేమిటో మాకు తెలీదు.
విల్లు అడ్డంగా ఉంది గనక అడ్డవిల్లు అన్నాం.
మా అక్క మాత్రం
"ఈ అడ్డమైన విల్లు" అంది.

ఆదివారం. ఇసక నింపిన సిమెంటు బస్తా గోడకి ఆనించాం.
దండెం మీద వేలు రాస్తే అంటుకున్న
పోర్టు బొగ్గు మసితోనే
బస్తా మీద సున్నా చుట్టింది రత్నం.
కొస కాళ్లతో తొక్కిపట్టి
నడుం వెనక్కి వాల్చి నారి ఎక్కించింది.
గొళ్లెం టక్కుమంది.
ఇక ఎంతసేపైనా చూసుకోవచ్చు. చూసింది.
వంగిన చెయ్యి దిమ్మె కింద
కొలిచి చేసినట్టు ఇమిడింది.

బాణం గోడ దాటిపోయింది.

కాసేపు ఏ చప్పుడూ లేదు.
తర్వాత పక్కింటి గౌరీసు గొంతు, ఆ వెనకే గౌరీసు.
చేతిలో మా బాణం.
బాణానికి, తట్టలో ఎండబెట్టుకున్న చేప.
తిట్టడానికే వచ్చాడు.
అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, గొళ్లెం నొక్కి చూశాడు.
"ఏటే ఇది గుంటా... ఓపాలి నాకియ్యి."
వాడి బాణం నీళ్ల డ్రమ్ముకి తగిలింది.

పద్నాలుగోసారి రత్నం బాణం
సున్నాకి తగిలింది.
నడిమధ్యన కాదు, అంచుకి.
మసి కొంచెం రాలింది.

చీకటి పడ్డాక నారి దించెయ్యమన్నాను.
ఎక్కించి వదిలేస్తే బద్ద ఆ వంపుకే
అలవాటు పడిపోద్ది, అన్నాను.
అన్నాకే నాలిక కరుచుకున్నాను.

అది ఏమీ అనలేదు. దించింది.
బద్ద సర్దుకుంటూ సన్నగా కిర్రుమంది.
మంట వెలుగులో గొడుగు బొమ్మ మీద బొటనవేలు ఆడిస్తూ
"రేపు ఎర్రయ్య తాతకి
ఆ తలకాయ ఇచ్చి రావాల" అంది.