తుడవక ముందు

పదకొండు ఇరవైకి పడింది.
జారుడుబల్ల మూడో మెట్టు దగ్గర,
వెనక ఇంకొక బిడ్డ తొందరపడితే.
గడ్డం కింద, గోరంత పొడుగు.
ఇంత రాయడానికి
రిజిస్టర్లో గీతల మధ్య చోటుంది.

కరస్పాండెంట్ సారు ఫోన్లో అన్నాడు,
"చిన్న దెబ్బ అని రాయి మేడం,
అడ్మిషన్ల టైము."
చిన్న అని రాసి ఆగినాను.
మూడున్నరేళ్ల మొహంలో
చిన్నది ఏముంటుంది?

"కంగారు పడొద్దు" అని మొదలుపెట్టి చూసినాను, నాలో నేనే.
ఆ మాట విని కంగారు పడని తల్లిని
ఇరవై ఏళ్లలో చూళ్లేదు.
"పాప బాగానే ఉంది, కానీ"
ఆ కానీ దగ్గర ఎన్ని గుండెలు జారినాయో
ఈ ఆఫీసు రూములో.

మునికుమారికి ఆరుసార్లు చేసినాను.
మోగుతా ఉంది, ఎత్తడం లేదు.
కొండమీద కల్యాణకట్టలో ఆమె చేతిలో కత్తి ఉంటుంది,
ఫోను ఎక్కడో సంచిలో.
ముందర ఎవరి బిడ్డో
గుక్కపెట్టి ఏడుస్తా ఉంటుంది.
ఆ ఏడుపులో ఈ ఏడుపు ఎట్లా వినపడుతుంది.

ఆ లోపల చేయాల్సిందంతా చేసినాం.
ఆటోలో కొర్లగుంట సందులు దాటి డాక్టరమ్మ దగ్గరికి.
కుట్లు వద్దు, అంటించే పట్టీ చాలన్నది.
తిరిగొచ్చినాక అలివేలు ఆయా
గౌను విప్పి, సబ్బు పెట్టి రుద్ది
మేడమీద ఆరేసింది.
పసుపుపచ్చ గౌను. మధ్యాహ్నం ఎండకి
ఏమీ జరగనట్టు ఊగింది.
ఉతకమన్నది నేనే.
తల్లి చూస్తే భయపడుతుందని.
నిజం చెప్పల్లంటే భయం నాది.

మూడు ముక్కాలుకి గేటు తోసుకుని వచ్చింది.
గోళ్ల సందుల్లో ఎవరెవరివో వెంట్రుకలు,
చేతులకి గంధం వాసన.
అలిపిరిలో బస్సు దిగినాక సంచి తెరిచిందంట.
ఆరు కాల్స్ చూసి
తిరిగి చెయ్యబుద్ధి కాలేదంట, ఆటో ఎక్కేసింది.

కుర్చీ వేసినాను.
టైము చెప్పినాను, చోటు చెప్పినాను,
డాక్టరమ్మ చీటీ చేతిలో పెట్టినాను.
ఎవరు తోసినారని అడిగింది.
"ఇంకొక బిడ్డ. పేరు చెప్పను.
ఆ బిడ్డ కూడా ఏడ్చింది."
తలూపింది.
మేం చూస్తా ఉండాల్సింది, చూడలేదు, అన్నాను.
ఆ మాట రిజిస్టర్లో లేదు.

అప్పుడడిగింది,
"ఎంతసేపు ఏడ్చింది మేడం?
ఎవరు ఎత్తుకున్నారు?"
నాకు తెలీదు. నేను ఫోన్లో ఉన్నాను.
గుమ్మం దగ్గర్నుంచి అలివేలు ఆయా
"నేనేమ్మా. ఆటో ఎక్కేదాకా నా చంక దిగలా" అన్నది.

గౌను అడిగింది.
తెచ్చిచ్చినాను. తడి కూడా లేదు.
తిప్పి తిప్పి చూసింది.
మెడ పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుంది.
గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉండింది.

"మా దగ్గర బిడ్డ తల కదిపితే
ఒకోసారి గాటు పడుతుంది మేడం.
చెయ్యి తీసేస్తాను.
ముందు వాళ్లమ్మకి చూపిస్తాను,
ఆమె చూసినాకనే తుడుస్తాను.
తుడిచేసి చెబితే
ఎంత చెప్పినా ఏదో దాచినట్టే ఉంటుంది."

జోషిత నిద్రలేచి వచ్చింది,
అమ్మ ఒళ్లోకెక్కి గడ్డం పైకెత్తి
"బల్ల కొట్టింది" అన్నది, గొప్పగా.
ఆమె రిపోర్టు అంతే.

వాళ్లు పోయినాక రిజిస్టర్ తీసి
చిన్న అన్న మాట కొట్టేసినాను.
స్కేలు పెట్టి రెండు గళ్లు గీసినాను,
ఎంతసేపు ఏడ్చింది,
ఎవరి చంకన.
మూడోదానికి పేజీలో చోటు లేదు.
అట్ట లోపలి వైపు పెద్దక్షరాలతో రాసి
ఆయాకి చదివి వినిపించినాను:
గౌను ఉతకొద్దు.