కొట్టివేత

నల్లకోటు మలికిపురంలో కుట్టించాను.
టైలరు భుజాల దగ్గర కాస్త వదులు పెట్టి
"ఎదుగుతారు కదండీ లాయరుగారూ" అన్నాడు.
ఇరవై నాలుగేళ్లొచ్చాక ఇంకెక్కడ ఎదుగుతాను?

బార్ కౌన్సిల్లో పేరెక్కి పదిహేడు రోజులు.
ఏ గుమ్మం తొక్కాలో ఇంకా తేలలేదు.

రాజమండ్రి దానవాయిపేటలో
పద్మనాభరాజుగారి ఆఫీసు, మేడ మీద మేడ.
చెప్పులు విప్పే చోట కూడా ఏసీ.
జూనియర్లు పదకొండు మంది.
పన్నెండో కుర్చీ చూపించారు.
నెలకి ఎనిమిది వేలు,
మొదటి రెండేళ్లు కోర్టులో నోరు విప్పక్కర్లేదు,
వాయిదా అడగడం వస్తే చాలన్నారు.
గోడ పొడుగునా బైండు పుస్తకాలు,
ఒక్క వేలిముద్రా లేని అద్దాల వెనక.

భీమవరంలో ఇంకొకాయన.
రొయ్యల కంపెనీల కాగితాలన్నీ ఆయన దగ్గరే.
"ఇంగ్లీషెలా ఉంది?" అని అడిగి
నేను చెప్పేలోపే ఫోనెత్తారు.
అది అయ్యేసరికి చెరువుల మీద పొద్దు వాలింది.
ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి,
ఉన్న నీళ్లనే ఉన్నచోట బాదుతూ.

మూడోది రాజోలు, హైమవతిగారి వరండా.
రెండు బెంచీలు, ఒక బీరువా,
బీరువా కాళ్ల కింద ఇటుకలు.
వరదొచ్చిన ఏడు పెట్టారట, మళ్లీ తీయలేదు.
"జీతం ఇవ్వలేనమ్మా.
మధ్యాహ్నం భోజనం,
నర్సాపురం కోర్టుకెళ్లే రోజు పంటు ఛార్జీలు" అన్నారు,
ఫైలులోంచి తల ఎత్తకుండానే.

క్లాసువాళ్లంతా హైదరాబాదు పొమ్మన్నారు.
నాన్న, డబ్బులిచ్చే చోటికి వెళ్లమన్నాడు.
తప్పేం లేదు,
పడవ ఇంజను బాకీ ఆయన పేరు మీదే ఉంది.

అమ్మనే అడగలేదు.
ఇరవై రెండేళ్లుగా రాజోలు కోర్టు గేటు పక్కన
టైపు మిషనుతో కూర్చునే దీనమ్మ మా అమ్మ.
దావాకి పేజీకింత, అఫిడవిట్టుకింత.
ఎవరు పాత దావాలో పేర్లు మాత్రం మార్చి తెస్తారో,
ఎవరు గుటకలు మింగుతూ చెప్తారో,
ఎవరు కూలి "రేపు" అంటారో,
అన్నీ ఆవిడ వేళ్లకి తెలుసు.
నోటికి మాత్రం తెలియనట్టుంటుంది.

ఆ రాత్రి అన్నాలయ్యాక
పాత కార్బను కాగితాల అడుగునుంచి
ఒక చిత్తుప్రతి తీసి నా ముందు పెట్టింది.
నీలి సిరా, హైమవతిగారి రాత.
లంక భూమి దావా.
ప్రతివాది గురించి క్లయింటు చెప్పిందంతా రాసి,
"తాగుబోతు, పెళ్లాన్ని వదిలేసినవాడు" అన్నచోట
అడ్డంగా ఒక్క గీత.
పక్కన చిన్నక్షరాల్లో:
నిజమే. దావాకి అక్కర్లేదు.

"చేర్చేవాళ్లే అందరూ.
కొట్టేసే మనిషిని ఈవిడొక్కర్తినే చూశాను.
పేజీకి డబ్బులు కదా నాకు,
ఈవిడ వల్ల ఎప్పుడూ నష్టమే."
నవ్వి లైటు తీసేసింది.

సోమవారం వరండా ఎక్కాను.

నెల తిరిగేసరికి పన్నెండో కుర్చీలో
మా క్లాసు మోజెస్ కూర్చున్నాడు.
మొదటి జీతంతో కొన్న బూట్లు ఫొటో పెట్టాడు.
మంచి బూట్లు.
ఆ పూట పులుసు సయించలేదు.

ఆ వారమే పడవెక్కాం,
హైమవతిగారు, సర్వేయరు, గొలుసు, నేను.
ముప్పై ఏళ్ల కిందట గోదారి కోసుకుపోయిన నాలుగెకరాలు
ఇటు పక్కన మళ్లీ తేలాయట.
కాగితం ఒకడి దగ్గరుంది,
పెసర చల్లినవాడు ఇంకొకడు.
ఇద్దరూ ఒకే పడవలో, ఒకే బీడీకట్ట.

హద్దురాయి ఉండాల్సిన చోట
మోకాటిలోతు నీళ్లు, ఒక కొంగ.

కోటు చేతులు పైకి మడిచి పెన్ను తీశాను.
"ఏం రాయమంటారండీ?"
"చూసింది."

కొంగని కూడా రాశాను.
సాయంత్రం ఆవిడ దాన్ని కొట్టేశారు.