మంచినీళ్ళ హామీ

బియ్యం సంచిలోంచి తీసి
ఫోను కౌంటరు మీద పెట్టాడు జాలరిపేట ఎల్లాజీ.
ఛార్జింగు రంధ్రంలో ఒక నూక ఇరుక్కుని ఉంది.
"నీట్లో పడినా ఏటీ అవదని
అమ్మినోడే సెప్పినాడు బావూ!"

అట్ట మీది చీమతలకాయ అక్షరాలు చదివాను:
మీటరున్నర లోతు, అరగంట సేపు,
మంచినీళ్ళలో.

"మంచినీళ్ళా?" పకాలున నవ్వాడు.
"మా పేటకి అయ్యొచ్చీదే అరగంట."

మూత విప్పితే బోర్డంతా పచ్చటి చిలుము,
అంచుల్లో తెల్లగా పేరుకున్న సముద్రం.
బ్రష్షుతో గీకుతుంటే మీదికి వంగి అన్నాడు:
"మా ఉప్పు తిన్నాది.
ఇస్వాసం ఉంటాదిలే."

బేటరీ తగిలించి నొక్కాను.
యారాడ కొండ మీది దీపంలా
ఒక్కసారి వెలిగి ఆరింది.

రెండోసారి కోసం
ఇద్దరం రెప్ప వెయ్యకుండా చూస్తున్నాం.