టేపు పట్టినదాన్ని

పుష్యం దాటినంక ప్రాణహిత పక్కకు జరిగి
సిరొంచ దిక్కు ఇసుక తేలింది.
మోకాటి లోతు గుంటలు తీసి పెంట పోసి
ఐదు రకాల కర్బూజ పెట్టినం, రకానికి నాలుగు మడులు.
వాంఖడే సారు కట్టెలకు రేకు చీటీలు కట్టిండు,
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఐదోది జాడి శంకరక్క
కొంగు ముడి ఇప్పి ఇచ్చిన గింజ.
దానికి పేరు దొరకక "లోకల్" అని రాసిండు.

నేను టేపు పట్టినదాన్ని.
దినానికి మూడు వందలు, నడుమ ఒక చాయ్.
ముప్పయ్యో నాడు తీగ పొడుగు,
నలభై ఐదో నాడు కొమ్మలెన్ని,
మొదటి ఆడపువ్వు ఏ కణుపు కాడ.
పువ్వు కింద గోలీ అంత పిందె ఉంటే ఆడది,
లేకుంటే ఉత్త షోకు, పొద్దుగూకితే రాలుతది.
సారు మరాఠీల అడుగుతడు, నేను తెలుగుల చెప్త.
వజన్ అంటే బరువు. గోడీ అంటే తీపి.
ఒక్క అంకె కూడ నడుమ తప్పిపోలే.

రెండోది గుర్రం లెక్క ఉరికింది, తొమ్మిది అడుగుల తీగ,
కాయ మాత్రం పిడికెడు.
నాలుగోదాన్ని బూజు తెగులు ఎండబెట్టింది.
మూడోది పొట్టిది, సోమరిది,
కాయ కాయ కిలోన్నర, వల అల్లినట్టు తోలు,
నాగపూర్ దాక లారీల ఎగిరిపడ్డా పగలదు.
"నక్క తోక తొక్కినం పో" అన్నడు బేరగాడు.

ఐదోది మడికి ఆరు కాయలు,
చెయ్యి తాకితే నెర్రెలు.
శంకరక్క ఒడ్డున నిలబడి
"పగిలినంకనే కొయ్యాలె సారూ,
అంతకుముందు అది దోసకాయ" అన్నది.

గోడీ చూసే గొట్టంల చుక్క రసం ఏసి
ఎండ దిక్కు కన్ను పెడితే నీలి గీత.
మూడోది పదమూడు. ఐదోది తొమ్మిది.
తుడిచి మళ్ల చూసిన.
తొమ్మిదే.
మరి కోసినప్పుడు గుడిసె అంతా నిండిన వాసన?
కాయితం మీద దానికి గడి లేదు.

ఆఖరి కోతకు ముందు రాత్రి
తోక తొక్కించుకున్న నక్కనే వచ్చిందేమో,
ఇసుక మీద ముగ్గుచుక్కల లెక్క అడుగులు.
మూడోదాని పక్క నుంచే పోయింది,
ఒక్క కాయకు మూతి పెట్టలే.
ఐదోదాంట్ల పండినయి ఏరుకొని తిన్నది,
పచ్చివి పచ్చిగనే ఉన్నయి.
సారు "నష్టం, పదకొండు కాయలు" అని రాసిండు.
"నక్కకు ఒక గడి గీయరాదా సారూ" అన్న.
నవ్విండు. కొట్టెయ్యలే, గీయలే.

మూడోదాని పేరు మీద
రిపోర్టు గడ్చిరోలికి పోయింది.
న్యాయమే, కిలోలు కిలోలే.
శంకరక్క నక్క ఇడిసిన తొక్కలల్ల గింజలేరి
బూడిదల పొర్లిచ్చి మళ్ల కొంగుకు కట్టుకున్నది.

రేపటి నుంచి కూలి లేదు.
టేపు చుట్టి ఇచ్చేముందు
నా జాన కొలుసుకున్న.
పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు.