అమ్మకానికి ముందు మంగళవారం

స్కార్‌విక్‌లో వాన అడ్డంగా కురుస్తుంది.
సముద్రం మీంచి లేచి, చేపల గోదాముల మీదుగా వచ్చి
మా తూర్పు గ్యాలరీ రేకుల కిందికి దూరుతుంది.
నలభై ఏళ్ళుగా అక్కడే నా సీటు.
తడిసిన కుర్చీని తుడుచుకోవడం కూడా
ఆటలో భాగమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇవాళ పబ్బు వెనక గదిలో అరవై మందిమి.
క్లబ్బును కొనేవాడు వస్తున్నాడట.
వాడి దేశంలో వాన లేదు.
ఇసక ఉంది, ఇసక కింద చమురు ఉంది,
చమురు కింద ఏముందో
అడక్కూడదట.

కీరన్‌కి పంతొమ్మిదేళ్ళు.
పుట్టినప్పట్నుంచీ మేం ఓడిపోవడమే చూశాడు.
ఫోన్లో వాడి ఆస్తి చూపిస్తున్నాడు,
సున్నాలు తప్పిపోయి మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెడుతున్నాడు.
బ్రెజిల్ నుంచి ఒకణ్ణి, సెనెగల్ నుంచి ఒకణ్ణి అప్పుడే తెచ్చేశాడు.
కప్పు గెలిచాక బస్సు ఏ వీధుల్లో ఊరేగాలో తేల్చేశాడు.
ఆలూ లేదు, చూలూ లేదు,
రేవు సందు మలుపులో బస్సు పట్టదని
పక్కవాడు వాడితో పోట్లాట!

"ఇప్పుడున్నవాడు పుణ్యాత్ముడా?" లేచింది థెల్మా.
"కార్ల స్థలం అమ్మేశాడు, పిల్లల మైదానం తాకట్టు పెట్టాడు.
వాడు పరాయివాడు కాదే!
మన బడిలో చదివాడు, మన చర్చిలో పెళ్ళాడాడు,
మన జేబే కొట్టాడు."
గది గొల్లుమంది. ఆ నవ్వులో
కొనేవాడి వైపు పది చేతులు మొగ్గాయి.

అప్పుడు షఫీక్.
టాక్సీ తోలతాడు, నా పక్క సీటు,
ఇరవై రెండేళ్ళలో ఇంత పొడుగు మాట అతని నోట నేను వినలేదు:
"సిల్హెట్ నుంచి మా నాన్న ఇటొచ్చాడు.
మా బాబాయి అటు వెళ్ళాడు, ఆ ఇసకలోకి.
వాళ్ళ స్టేడియానికి కాంక్రీటు పోశాడు.
పాస్‌పోర్టు మేస్త్రీ పెట్టెలో. పదకొండు నెలలు.
పైకప్పు పడేసరికి
ఆయన లేడు."

నిమ్మరసం గ్లాసుని బల్లమీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.
కీరన్ ఫోన్ బోర్లించాడు.
వెనకనుంచి ఎవరో, మెల్లగానే, అడిగారు:
"వాడి డబ్బుతో వచ్చినవాడు గోల్ కొడితే
నువ్వు అరవవా షఫీక్?"

"అరుస్తాను.
అదే నా భయం."

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా జెర్సీలు ఉతికే ఎనిడ్‌కి
మూడు నెలలుగా జీతం లేదు.
అందరూ ఆమె వైపు చూశారు.
"రక్తం మరక చన్నీళ్ళకే పోతుంది," అంది.
"వేణ్ణీళ్ళు పోశారో, ఇక అక్కడే ఉంటుంది."
ఏ పక్షానికి చెప్పిందో ఎవరికీ తెలియలేదు.
స్వెట్టర్ గుండీ పెట్టుకుని
చివరి బస్సుకి వెళ్ళిపోయింది.
ఆమె ఓటు గుమ్మం దగ్గర ఇచ్చిందని ఒకరు,
ఇవ్వలేదని ఒకరు.

చేతులెత్తమన్నారు.
అమ్మాలని ముప్ఫై ఒకటి, వద్దని ఇరవై ఎనిమిది.
ఒక చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది,
తల గోక్కుంటున్నట్టు నటించింది.
అది నాదే.

గ్లాసులు కడుగుతూ పబ్బు యజమాని రేడియో పెంచాడు.
సంతకాలు నిన్న సాయంత్రమే
లండన్లో అయిపోయాయట.
మేం అరిచిన రెండు గంటలూ
అమ్ముడుపోయిన ఇంట్లో గోడల రంగు గురించి.

శనివారం.
అదే వాన, అవే రేకులు.
కండువాతో నా కుర్చీ తుడుచుకున్నాను.
పక్కది కూడా తుడుద్దామా అని ఆలోచించి
ఊరుకున్నాను.
ఆట మొదలైన ఆరో నిమిషంలో వచ్చాడు షఫీక్.
నన్ను చూసి తలూపి
తడిలోనే కూర్చున్నాడు,
తుడవకుండా.